స్పష్టమైన ఛాయాచిత్రమునకు స్టాండా, కంపనిరోధక కటకమా?

నిజము నిలుకడమీద తెలియునని పెద్దలమాట. వ్యవహారములనుగూర్చి పుట్టిన యీ సామెత ఛాయాచిత్రములకును చక్కగా నొప్పియున్నది. కెమెరా కదలినచో ముఖము ముఖమువలె నుండదు. అక్షరము అక్షరమువలె నుండదు. ఆ కదలికను మాన్పుటకు నేడు రెండు మార్గములు గలవు. ట్రైపాడు అను ముక్కాలి స్టాండుపై కెమెరాను బిగించి నిలుపుట మొదటి మార్గము. చేతివణుకును కనిపెట్టి తనంతట తానే సవరించుకొను యంత్రముగల లెన్సును, అనగా కంపనిరోధక కటకమును, వాడుట రెండవ మార్గము. మొదటిది ఫోటోగ్రాఫు పుట్టిననాటినుండియు నున్నది. రెండవది ముప్పది యేండ్లకు పైబడిన వయస్సు గలది. వీనిలో నేది మేలను ప్రశ్నకు మా యభిప్రాయమును ఈ వ్యాసమున మనవి చేయుచున్నాము.

ఈ ప్రశ్న మన పాఠశాలయందు వట్టి వాదముగా రాలేదు. విద్యార్థుల ఛాయాచిత్ర సంఘమునకు పరికరములు కొనుటకై పూర్వవిద్యార్థులు కొంత ద్రవ్యము నొసగ సంకల్పించియున్నారు. దానితో కంపనిరోధక యంత్రముగల దూరదృష్టి కటకము నొకదానిని కొనవలెనని పెద్దతరగతుల బాలురు గట్టిగా కోరుచున్నారు. స్టాండ్లు పాతకాలపు సామగ్రియనియు, వానిని మోయుట వ్యర్థశ్రమయనియు వారి వాదము. వారి యుత్సాహమును మేము మెచ్చుకొందుము. వారి నిర్ణయమును మాత్రము మెచ్చుకొనజాలము. కారణములను వరుసగా చెప్పెదము.

ముందుగా వణుకనగా నెంతయో తెలిసికొనవలయును. చేతితో పట్టిన కెమెరా యెంత బిగించి పట్టినను నిశ్చలముగా నుండదు. ఊపిరి, గుండె కొట్టుకొనుట, కండరముల యలసట, మీట నొక్కు వ్రేలి తాకిడి, ఇవన్నియు దానిని కదలించుచునే యుండును. ఆ కదలిక కంటికి కానరాదు గాని లెక్కకు దొరకును. ఒక డిగ్రీని అరువది భాగములు చేసి, అందొక భాగముమాత్రమే కెమెరా తిరిగినదనుకొందము. 200 మిల్లీమీటర్ల నాభ్యంతరముగల కటకమునందు ఆ స్వల్పభ్రమణమువలన ప్రతిబింబము సుమారు 0.058 మిల్లీమీటరు ప్రక్కకు జరుగును. 36 మిల్లీమీటర్ల వెడల్పున 6000 గడులుగల సెన్సరునందు ఒక్కొక్క గడి వెడల్పు 0.006 మిల్లీమీటరు. అనగా నొక్క చుక్క దాదాపు పది గడులమీద పూయబడును. అదే కదలిక 50 మిల్లీమీటర్ల కటకమునందు రెండు మూడు గడులకు మించదు. దూరపు వస్తువును దగ్గరకు తెచ్చు కటకము వణుకును గూడ అంతగా పెంచునని దీనివలన తెలియుచున్నది.

కావుననే ఫిల్ము కాలమునుండి ఛాయాగ్రాహకులలో నొక నియమము వాడుకలో నున్నది. చేతితో పట్టి తీయునపుడు షట్టరు తెరచియుండు కాలము, కటకపు నాభ్యంతరమును భాగహారముగా వ్రాసిన భిన్నమునకు మించరాదు. 50 మిల్లీమీటర్లకు 1/50 సెకండు. 200 మిల్లీమీటర్లకు 1/200 సెకండు. ఇది అందఱి చేతులకు సరిగా సరిపడు లెక్క కాదు గాని, నేర్చుకొనువారికి మంచి గుఱుతు.

ఇక కంపనిరోధక కటకముయొక్క గొప్పతనమును చెప్పక పక్షపాతముతో వ్రాసితిమను నింద మాకు వలదు. కెనాన్ సంస్థవారు 1995వ సంవత్సరమున 75 మొదలు 300 మిల్లీమీటర్ల వఱకు మార్చుకొనదగిన కటకమొకదానిలో ఈ యంత్రమును పెట్టి అమ్మకమునకు తెచ్చిరి. అందుండు సూక్ష్మమైన గైరో సెన్సర్లు కెమెరా ఎటు, ఎంత వడిగా తిరుగుచున్నదో కొలుచును. ఆ కొలతనుబట్టి కటకములోని యొక అద్దముల గుంపు, విద్యుదయస్కాంతముల బలమున, కదలికకు విరుగుడుగా ప్రక్కకు జరుగును. ప్రతిబింబము మాత్రము సెన్సరుపై నున్నచోటనే నిలిచియుండును. నిండుకుండను నెత్తిన బెట్టుకొని నడచు స్త్రీ తన మెడను సర్దుకొనుచు నీరు తొణకకుండ చేయుటవంటి పని యిది. 2003లో మినోల్టా సంస్థవారు కటకమునకు బదులు సెన్సరునే కదలించు కెమెరాను తెచ్చిరి. 2012లో నోకియావారి లూమియా 920 ఫోనుతో ఈ సౌకర్యము సెల్‌ఫోనులలోనికి గూడ ప్రవేశించినది. నేడు కొంత వెలగల ఫోనులందు ఇది సామాన్యమైపోయినది.

దీనివలన లాభమెంత? తయారుచేయువారు దీనిని మెట్లలో లెక్కింతురు. ఒక్కొక్క మెట్టునకు షట్టరు తెరచియుంచు కాలము రెట్టింపగును. నాలుగు మెట్లనగా పదునాఱు రెట్లు. 200 మిల్లీమీటర్ల కటకముతో 1/200 సెకండునకు బదులు సుమారు 1/12 సెకండు వఱకు చేతితోనే తీయవచ్చును. ఇది సామాన్యమైన మేలు కాదు. శివరాత్రినాడు కోటప్పకొండకు ప్రభలు తరలివచ్చునపుడు ఆ జనసమ్మర్దమున మూడు కాళ్ల స్టాండునకు చోటెక్కడిది? మన రెండు కాళ్లకే చోటుండదు. పెండ్లిపందిటిలోను, కదలుచున్న పడవమీదను, గుంటూరు మిర్చియార్డులో బస్తాల నడుమను, స్టాండును దింపువారికంటె చేతితో తీయువారే ముందుగా చిత్రము సంపాదింతురు. ఆలస్యమువలన అమృతము విషమగునను సామెత ఇట్టిచోట్ల నిజమే. వార్తాపత్రికలవారికిని, సంబరములను తీయువారికిని ఈ కటకము గొప్ప సహాయము.

అయినను ఇది చేయలేని పనులు గలవు. వానిని తెలియక కొన్నవారు తరువాత కటకమును నిందింతురు.

మొదటిది, ఇది కెమెరా కదలికను సవరించునేగాని తీయబడు వస్తువు కదలికను సవరింపజాలదు. గుంటూరు చెంతనున్న ఉప్పలపాడు చెఱువులకు గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును వచ్చి చేరును. ఎగురుచున్న పక్షిని 1/12 సెకండు కాలమున తీసినచో వెనుకనున్న చెట్టు స్పష్టముగాను, పక్షి ఆవిరివలెను కనిపించును. రెక్కను నిలుపవలెనన్న 1/1000 సెకండువంటి వడి కావలయును. ఆ వడిని ఇచ్చునది వెలుతురేకాని యంత్రము కాదు. ఈ విషయమున స్టాండునకును అధికశక్తి లేదని ఒప్పుకొనవలసినదే. ఎండలో మిరపకళ్లమున కాయలు తిరుగవేయు కూలిజనమును తీయుటకు స్టాండును వలదు, కంపనిరోధకమును వలదు. మాఘఫాల్గుణముల మన యెండ యొక్కటియే చాలును.

రెండవది, కాలము. చీకటిగానున్న మండపములో రాతిశిల్పము నొకదానిని తీయవలసివచ్చిన దనుకొందము. శిల్పముయొక్క ముందుభాగమును వెనుకభాగమును సమముగా కనబడుటకై కటకపు ద్వారమును కొంత మూసినచో, వెలుతురు చాలక షట్టరు 2 సెకండ్లు తెరచియుండవలసి వచ్చును. 50 మిల్లీమీటర్ల కటకమునకు నియమము చొప్పున 1/50 సెకండు. నాలుగు మెట్ల కంపనిరోధకముతో సుమారు 1/3 సెకండు. కావలసిన కాలము దానికి ఆఱు రెట్లు. ఈ లోటును పూరించుటకు సెన్సరు గ్రహణశక్తిని, అనగా ఐ.ఎస్.ఓ. సంఖ్యను, 100నుండి 600 దాటించి పెంచవలెను. అప్పుడు నీడలయందు ఇసుక చల్లినట్లు చుక్కలు లేచును. ఉలిచెక్కిన సన్నని గీతలు వానిలో కలిసిపోవును. స్టాండుమీద నైనచో 2 సెకండ్లును ఒకటే, 20 సెకండ్లును ఒకటే.

మూడవది, పొందిక. తాటియాకు పుస్తకమునుగాని, పాత దస్తావేజునుగాని తీయునపుడు కెమెరా ఆ పత్రమునకు సమాంతరముగా నుండవలయును. లేనియెడల ఒక ప్రక్క అక్షరములు పెద్దవిగాను, మఱియొక ప్రక్కవి చిన్నవిగాను పడును. ఒక అంచు స్పష్టముగాను రెండవయంచు మసకగాను వచ్చును. నూఱు పుటల పుస్తకమును నూఱు చిత్రములుగా తీయవలసినప్పుడు ప్రతి పుటకు దూరము మారరాదు. ఇది చేతికి సాధ్యమగు పని కాదు; ఏ యంత్రమును చేతికి ఈ గుణము నీయజాలదు. స్టాండుపై నొకసారి సరిచేసినచో పుటలు త్రిప్పుట మాత్రమే మిగులును.

క్రొత్తయంత్రములు పాతస్టాండును పదవినుండి తొలగించినవను వాదమునకు ఆ యంత్రములే ప్రత్యుత్తర మిచ్చుచున్నవి. గూగుల్ సంస్థవారు 2018లో తమ పిక్సెల్ ఫోనులకు రాత్రివేళ చిత్రములు తీయు నొక యుపాయమును చేర్చిరి. ఫోను చేతిలో నున్నంతసేపు ఒక్కొక్క తునుకను 1/3 సెకండునకు మించి తీయదు. కదలకుండ నొకచోట నిలిపినట్లు తనకు తెలిసినప్పుడు ఆ కాలమును ఒక సెకండువఱకు పెంచుకొనును. 2019లో వారు నక్షత్రములను తీయు సౌకర్యమును ఇచ్చిరి. అందు మొత్తముమీద నాలుగు నిమిషములవఱకు వెలుతురును గ్రహించును. కాని ఫోనును స్టాండుమీద నుంచవలెననియో, కదలని దేనికైన ఆనించవలెననియో నిబంధన గలదు. ఇంతటి నేర్పుగల యంత్రమే తనకు నిలుకడగల ఆధారము కావలెనని యడుగుచుండగా, ఆ ఆధారము పాతబడినదని మనమెట్లు చెప్పగలము?

స్టాండుమీద వచ్చు ఆక్షేపణలను గూడ విచారింతము. బరువనుట నిజమే. గాలికి ఊగుననుటయు నిజమే. పత్తిచేలలో ఈదురుగాలి వీచునపుడు పలుచని స్టాండు రెల్లుగడ్డివలె వణకును. అనేక దేవాలయములలోను, వస్తుప్రదర్శనశాలలలోను స్టాండు నుంచుటకు అనుమతి దొరకదు. ముందుగా వ్రాసి యనుమతి పొందవలెను, లేదా మానవలెను. అచ్చట కంపనిరోధక కటకమే శరణ్యము. వెల విషయమున మాత్రము ఆక్షేపణ నిలువదు. ఒక మంచి కంపనిరోధక దూరదృష్టి కటకమునకు పెట్టు సొమ్ముతో సామాన్యమైన గట్టి స్టాండ్లను పెక్కింటిని కొనవచ్చును. ఒక కటకము ఒక బాలుని చేతిలో నుండును. మిగిలినవారు వాని చుట్టును నిలిచి చూతురు. అయిదాఱు స్టాండ్లున్నచో అయిదాఱు జట్లు పని నేర్చుకొనును. కెమెరాల అడుగున నుండు పావు అంగుళపు మరచుట్టు దాదాపు అన్నిటికిని ఒక్కటే కావున ఏ కెమెరానైనను దానిపై బిగింపవచ్చును. ఫోనులకు చిన్న పట్టకారు వంటి బిగింపు చాలును.

స్టాండు దొరకనిచోట దాని ధర్మమును నెఱవేర్చు చౌక యుపాయములు గలవు. దళసరి గుడ్డతో చిన్న సంచి కుట్టి, జొన్నలతోగాని పత్తిగింజలతోగాని ముప్పాతిక నింపి, గోడమీదనో బండిచక్రముమీదనో వైచి, దానిపై కెమెరాను ఒదిగించినచో ఎంతో నిలుకడగా నుండును. దూది మాత్రము పనికిరాదు; మెత్తనై బరువుకు క్రుంగును. మఱియొక యుపాయము: పావు అంగుళపు మరమేకునకు ఒక త్రాడు కట్టి కెమెరా అడుగున బిగించి, త్రాడు రెండవకొనను కాలితో త్రొక్కి కెమెరాను పైకి లాగి పట్టవలెను. వణుకు పూర్తిగా పోదుగాని చాలవఱకు తగ్గును.

స్టాండు కొన్నంతమాత్రమున చిత్రము స్పష్టము కాదు, వాడుక తెలియవలెను. కాళ్లలో లావైన భాగములను ముందుగా చాపి, సన్ననివానిని అవసరమైననే చాపవలెను. నడిమి కంబమును సాధ్యమైనంతవఱకు ఎత్తరాదు. ఎత్తినచో మూడుకాళ్ల బలము ఒంటికాలికి దిగును. గాలివేళ కంబమునకు పుస్తకముల సంచిని వ్రేలాడదీయవలెను. అది నేలకు కొంచెము తగులుచుండుట మంచిది, లేనిచో ఊయలయగును. మీటను వ్రేలితో నొక్కక, రెండు సెకండ్ల తరువాత తనంతట తీయు ఏర్పాటును వాడవలెను. పాత కంపనిరోధక కటకములను స్టాండుమీద నుంచినప్పుడు ఆ యంత్రమును ఆపివేయవలయును. లేని వణుకును వెదకుచు అదియే వణుకు పుట్టించును. క్రొత్తవి పెక్కు స్టాండును తామే గుర్తించును. ఏది యెట్టిదో తెలియుటకు కెమెరాతో వచ్చిన పుస్తకమును చదువుటకంటె మార్గము లేదు. తీసిన చిత్రమును చిన్నతెరమీద చూచి తృప్తిపడక, పూర్తిగా పెద్దదిచేసి అక్షరపు అంచులను పరీక్షింపవలెను.

ఇంతవఱకు చెప్పినది పరికరములమాట. ఈ విషయమును గూర్చి ఇంత పట్టుదలతో వ్రాయుటకు మాకు వేఱొక కారణము గలదు. మన సత్తెనపల్లికి పొరుగుననే అమరావతి యున్నది. అచ్చటి మహాస్తూపపు పాలరాళ్లను 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మద్రాసునకు పంపించెను. మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడగు లినియస్ ట్రైపు 1858లో వానిని ఫోటోగ్రాఫులు తీసెను. మఱుసటి సంవత్సరమే ఆ రాళ్లలో పెక్కు ఓడనెక్కి లండను చేరినవి. ఆనాటి నెగటివులు వెలుతురును మిక్కిలి మెల్లగా గ్రహించునవి. పెద్దపెట్టె కెమెరాను గట్టి ఆధారముపై నిలిపి, ఓపికతో కాచుకొననిదే ఒక్క చిత్రమును రాకుండెడిది. ఆ ఓపిక ఫలితముగా, సముద్రము దాటకమునుపు ఆ శిల్పము లెట్లుండెనో నేడు మనము చూడగలుగుచున్నాము. హైదరాబాదులో నిజాము నాస్థాన ఛాయాగ్రాహకుడై ప్రఖ్యాతి నొందిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజుపలకలపై తీసిన కోటల, సౌధముల చిత్రములును ఇట్టి నిలుకడకు సాక్ష్యములే.

నాగార్జునకొండ కథ ఇంకను దగ్గరిది. 1954 మొదలు 1960 వఱకు పురావస్తుశాఖవారు ఆ లోయను త్రవ్వి విహారములను, చైత్యములను, శాసనములను వెలికిదీసిరి. నాగార్జునసాగరపు నీరు రాకమునుపే కొన్ని కట్టడములను, శిల్పములను కొండమీదికిని ఒడ్డునకును తరలించిరి. మిగిలిన లోయ మునిగినది. ఆ కట్టడములు పుట్టినచోట నున్న విధమును చూపగలవి నేడు ఆనాటి పటములును, వ్రాతలును, ఛాయాచిత్రములును మాత్రమే. అందు మసకపడిన చిత్రమును ఇంకొకసారి తీయుటకు ఎవరికిని వీలులేదు.

మన చుట్టుపట్ల గ్రామములలో ఇట్టివి నేటికిని గలవు. దేవాలయపు స్తంభములమీద సున్నపుపూత క్రింద అణగియున్న శాసనములు, పొలముగట్లమీద వ్రాలిన వీరగల్లులు, అటకలమీద చెదలు తినుచున్న తాటియాకులు, మన మందిరములలో సిరా పాలిపోవుచున్న పాత బాప్తిస్మపు పుస్తకములు, ఇవి యెవ్వరికొఱకును ఆగవు. శాసనాక్షరములు తేటగా పడుటకు ఎదురువెలుతురు పనికిరాదు. ఉదయముననో సాయంకాలముననో ప్రక్కనుండి వాలుగా పడు మందపు వెలుతురులో ప్రతి గీతకును చిన్ననీడ ఏర్పడి అక్షరము లేచి నిలుచును. ఆ వెలుతురు కొలదికాలమే యుండును, తక్కువగా నుండును. అట్టిచోట స్టాండు లేనివాడు ఐ.ఎస్.ఓ. పెంచుకొని గరుకైన చిత్రముతో తిరిగివచ్చును. ఆ చిత్రమున ‘వ’యో ‘ప’యో, ‘మ’యో ‘య’యో తేలనియెడల దాత పేరును తేలదు, శకసంవత్సరమును తేలదు. దూరదృష్టి కటకముతో కొంగను తీయుట యానందమే. కొంగలు వచ్చే యేడును వచ్చును. సున్నము గీకునప్పుడు పోయిన అక్షరము మరల రాదు.

ఈ హేతువులచేత మా యభిప్రాయ మిది. పూర్వవిద్యార్థుల ద్రవ్యముతో ముందుగా గట్టి స్టాండ్లను కొనవలెను. ప్రతి జట్టునకు ఒక స్టాండు, ఒక గింజలసంచి, ఒక వ్రాతపుస్తకము ఉండవలెను. తీసిన ప్రతి చిత్రమునకు గ్రామము, తేది, వెలుతురు వచ్చిన దిక్కు, షట్టరు కాలము ఆ పుస్తకమున వ్రాయవలెను. ఒక సంవత్సరము ఇట్లు పనిచేసిన పిమ్మట ద్రవ్యము మిగిలినచోగాని, క్రొత్తగా చేకూరినచోగాని, కంపనిరోధక కటకమును కొనుటకు మాకేమియు నభ్యంతరము లేదు. అప్పటికి అది ఎచ్చట ఉపయోగించునో, ఎచ్చట ఉపయోగింపదో బాలురకు స్వానుభవమున తెలిసియుండును. దానిని సద్వినియోగము చేయుదురు.

విద్యార్థులారా! స్టాండును మోయుట కష్టమని మీరనుచున్నారు. కష్టమే. కాని దానిని దింపి, కాళ్లు చాపి, మరలు బిగించునంతలో మీరు తీయబోవు వస్తువును నిదానముగా చూచుటకు మీకు వ్యవధి దొరకును. ఎచ్చట నిలువవలెనో, వెలుతురు ఎటునుండి వచ్చుచున్నదో అప్పుడు తోచును. మీ గ్రామమున తాతలనాటి శాసనము గాని, కాగితము గాని యున్నచో ఈ వేసవి సెలవులలోనే దానిని వెదకి యుంచుడు. బడి తెరచినపిమ్మట స్టాండుతో బయలుదేరుదము.